వాళ్ళు మన ఊరిని ఏ పేరుతో రాశారు?

(ఆదివాసీ విద్యార్థుల శిక్షణా తరగతిలో మాట్లాడిన మాటలివి. రాలేకపోయిన వాళ్ళు అడిగితే రాసి పెడుతున్నాను. మాట్లాడినట్టే ఉంచాను, అక్కడక్కడా సరిచేశాను.)



ఈరోజు నాకిచ్చిన అంశం, ఆన్‌లైన్ లైబ్రరీల్లో, పరిశోధన డేటాబేసుల్లో మనకు కావాల్సింది ఎలా వెతుక్కోవాలి అని. వినడానికి ఇది కంప్యూటర్ క్లాసులా ఉంది. పొద్దున మాట్లాడిన అన్నలు భూమి గురించి, అడవి గురించి మాట్లాడారు. ఇప్పుడు నేనొచ్చి సెర్చ్ బాక్సు గురించి మాట్లాడితే, ఇదేం గోల అనిపించొచ్చు. కానీ పది నిమిషాలు ఓపిక పట్టండి. ఇది కూడా భూమి సంగతే.

మాది శబరి ఒడ్డున ఒక కోయ గూడెం. మా ఊరు సామూహిక అటవీ వనరుల హక్కు కోసం దరఖాస్తు పెట్టింది. గ్రామసభ జరిగింది, అటవీ హక్కుల కమిటీ సంతకాలు చేసింది, పెద్దమనుషులు గుట్ట మీదికి వెళ్ళి హద్దులు చూపించారు. ఫైలు పైకి పోయింది. కొన్ని నెలలకి తిరిగొచ్చింది. "సరైన ఆధారాలు జతపరచలేదు" అని ఒక్క ముక్క రాసి ఉంది.

మా పెదనాన్న ఆ కాగితం నా చేతికిచ్చి అన్నాడు, "నువ్వు డిగ్రీ చదివావు కదా, ఆ ఆధారం ఏదో నువ్వే పట్రా" అని. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదటిదాన్ని. కాదనలేకపోయాను.

అప్పుడు అటవీ హక్కుల చట్టం నియమాలు తీసి చదివాను. 2008 నియమాల్లో 13వ నియమం ఉంది. దాన్ని మీరందరూ ఒకసారి చదవాలి. ఏవి ఆధారాలుగా పనికొస్తాయో అందులో వరసగా ఉంది. గెజెటీర్లు, జనాభా లెక్కలు, సర్వే, సెటిల్మెంట్ రిపోర్టులు, మ్యాపులు, ఫారెస్టు వర్కింగ్ ప్లాన్లు. కోర్టు రికార్డులు. పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలు, ఆచారాల గురించిన రాతలు. ఇంకా బావులు, శ్మశానాలు, పూజా స్థలాలు. వంశవృక్షం. ఊరి పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలం. ఇవన్నీ ఆధారాలే. వీటిలో ఒకటి కంటే ఎక్కువ చూడాలని కూడా అక్కడే ఉంది. ఫలానా కాగితమే కావాలని పట్టుబట్టకూడదని 2012 సవరణలో చేర్చారు.

బావి మా ఊళ్ళో ఉంది, శ్మశానం ఉంది, పెద్దలున్నారు. మరి ఆ గెజెటీర్లు, రిపోర్టులు, పరిశోధనలు ఎక్కడున్నాయి? చాలావరకు ఆన్‌లైన్లో ఉన్నాయి. ఉన్నాయని తెలిసినా అవి నాకు దొరకలేదు. ఈ మాటంతా దాని గురించే.

మొదటి రాత్రి నేనేం చేశానో చెప్తా, నవ్వకండి. ఒక పెద్ద డేటాబేస్ తెరిచి, ఇంగ్లీషులో మొత్తం వాక్యం టైపు చేశాను. "మా ఊరి కోయ ప్రజలు ఎన్ని సంవత్సరాల నుండి అడవిలో పోడు చేస్తున్నారు" అనే అర్థంలో. ఏమీ రాలేదు. కొన్ని మాటలు తీసేశాను. అప్పుడు వేలకొద్దీ వచ్చాయి. మొదటి పేజీలో ఏముందో తెలుసా? జపాన్‌లో కోయ అని ఒక కొండ ఉందట, అక్కడి బౌద్ధ మఠాల గురించిన వ్యాసాలు. ఆ తర్వాత కేరళలో కోయ అనే ఇంటిపేరున్న వాళ్ళ గురించి. మనం మాత్రం లేము.

ఆ రాత్రి నాకు చాలా బాధేసింది. ఇంత పెద్ద లైబ్రరీలో మన గురించి ఒక్క ముక్క కూడా లేదా అనుకున్నాను. మీలో చాలామంది కూడా ఇక్కడే ఆగిపోయి ఉంటారు. "మన మీద ఎవరూ ఏమీ రాయలేదు" అని ప్రాజెక్టులో రాసేసి ఉంటారు. అది తప్పు. మన గురించి చాలా రాశారు. మనం అనుకునే పేర్లతో రాయలేదు, అంతే.

నేను చదివిన కాలేజీలో లైబ్రరీ మేడం ఒకావిడ ఉండేవారు. ఆమెకు ఫోన్ చేశాను. ఆమె ఒకటే అడిగారు. "నువ్వు అడిగింది దానికి అర్థమవుతుందనుకున్నావా? అది అక్షరాలు చూస్తుంది. నువ్వు కొట్టిన అక్షరాలు ఏ కాగితంలో ఉన్నాయో ఆ కాగితం ఇస్తుంది. ఆ కాగితం రాసినవాడు ఏ మాట వాడాడో ముందు అది ఆలోచించు."

నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క మాటలోంచే వచ్చింది. అది మీకూ వరసగా చెప్తాను.

మొదటి పని. కంప్యూటర్ ముట్టుకోకముందు తెల్లకాగితం తీసుకోండి. మీ ప్రశ్నని ముక్కలు చేయండి. ఎవరు? ఏం చేశారు? ఎక్కడ? ఎప్పుడు? నా ప్రశ్నలో ఎవరు అంటే కోయలు. ఏంటి అంటే పోడు. ఎక్కడ అంటే మా శబరి ప్రాంతం. ఇలా నిలువుగా గడులు గీయండి. ఒక్కో గడిలో ఆ మాటకి ఎన్ని పేర్లున్నాయో అన్నీ రాయండి. అసలు కష్టం ఇక్కడే ఉంది, అసలు ఫలితం కూడా ఇక్కడే ఉంది.

మనుషుల పేర్లతో మొదలుపెడదాం. మనం కోయ అంటాం, మనల్ని మనం కోయితూర్ అంటాం. దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ 1876 నుంచి ఇండియన్ ఆంటిక్వరీ అనే పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాశాడు. ఆయన రాసింది కె, ఓ, ఐ. మూడే అక్షరాలు. థర్‌స్టన్ 1909లో అచ్చేసిన కులాలు, తెగల సంపుటాల్లో కోయి అని ఉంటుంది. మీరు 'కోయ' అని మాత్రమే కొడితే ఈ ఇద్దరూ మీకు కనపడకపోవచ్చు. కొండరెడ్లయితే చివర వై ఒకచోట, ఐ ఒకచోట, ఇంకోచోట 'హిల్ రెడ్డీస్'. శ్రీకాకుళం, మన్యం వైపు తమ్ముళ్ళు సవరల గురించి వెతికితే సవర, సఓర, సోర మూడూ కొట్టాలి. కోందుల పేరుకు ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులున్నాయో లెక్కే లేదు. కొందరు పేరే రాయరు. 'కొండ జనం' అని రాసి ఊరుకుంటారు. గూడెం, రంప తిరుగుబాట్ల మీద డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో రాసిన వ్యాసం చాలా ముఖ్యమైంది. దాని పేరులో కోయ లేదు, ఆదివాసీ లేదు. 'హిల్‌మెన్' అని ఉంది.

రెండో గడి, పోడు. మనకి పోడు. ఈశాన్య రాష్ట్రాల వాళ్ళకి ఝూమ్. ఫారెస్టు వాళ్ళ పాత రిపోర్టుల్లో 'షిఫ్టింగ్ కల్టివేషన్'. మానవశాస్త్రం వాళ్ళు 'స్విడన్' అంటారు. ఇంకొందరు నరికి కాల్చే సాగు అనే అర్థంలో 'స్లాష్ అండ్ బర్న్' అంటారు. ఒకే చేను, అయిదు పేర్లు. పోడు అని మనవాళ్ళ గురించి తెలిసినవాళ్ళే రాస్తారు. తెలియనివాళ్ళు రాసింది కూడా మనకు కావాలి కదా.

మూడో గడి, చోటు. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగింది ఇక్కడే. మా ఊరు పుట్టినప్పటి నుంచి ఒకే చోట ఉంది. అదే వాగు, అదే గుట్ట. కానీ చిరునామా ఎన్నిసార్లు మారిందో చూడండి. 1860 దాకా నిజాం కింద. తర్వాత సెంట్రల్ ప్రావిన్సెస్‌లో అప్పర్ గోదావరి జిల్లా. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీకి మార్చి గోదావరి జిల్లాలో కలిపారు. 1925లో తూర్పు గోదావరి అయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో ఖమ్మం జిల్లాలో చేర్చారు. 2014లో తెలంగాణ వచ్చినప్పుడు మళ్ళీ ఆంధ్రలో కలిపారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా.

ఇప్పుడు చెప్పండి, మా ఊరి పాత కాగితం ఏ రాష్ట్రం అల్మారాలో ఉంటుంది? 1870 నాటిదైతే నాగపూర్ వైపు పాలించినవాళ్ళ రిపోర్టుల్లో. 1900 నాటిదైతే మద్రాసులో. నేను మాత్రం మొదటి రాత్రి 'ఆంధ్రప్రదేశ్' అని ఫిల్టర్ పెట్టి కూర్చున్నా. 1956కి ముందు ఆ పేరే లేదు.

స్పెల్లింగులు కూడా అంతే. హెన్రీ మోరిస్ 1878లో రాసిన గోదావరి జిల్లా పుస్తకంలో గోదావరి చివర ఇ, ఆర్, వై ఉంటాయి. భద్రాచలంలో ఎల్ ఒకసారి ఒకటి, ఒకసారి రెండు. విశాఖపట్నం వెతికితే దొరకదు, 'వైజాగపటం' అని వెతకాలి. రంపలో యు అక్షరం పెట్టి 'రుంప' అని రాసినవాళ్ళున్నారు. ఇంకో ఉదాహరణ. పాపికొండల్లో ఉండే కొండరెడ్ల మీద హైమెన్‌డార్ఫ్ 1945లో ఒక పెద్ద పుస్తకం వేశాడు. 'పాపికొండలు' అని కొడితే అది తగలడం కష్టం. ఇంగ్లీషువాళ్ళు ఆ కొండల్ని 'బైసన్ హిల్స్' అన్నారు. పుస్తకం పేరులో అదే ఉంది. ఆయన పేరు కూడా క్యాటలాగులో హెచ్ కింద ఉండదు. ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అని ఎఫ్ కింద ఉంటుంది.

మన ప్రాంతం మొత్తానికి ప్రభుత్వం పెట్టిన పేర్లు కూడా రాసుకోండి. ఇవి చట్టం మారినప్పుడల్లా మారాయి. గంజాం, విశాఖ కొండలకి 1839 చట్టం నుంచి 'ఏజెన్సీ' అనే మాట నడిచింది. 1874లో 'షెడ్యూల్డ్ డిస్ట్రిక్ట్స్'. 1919 చట్టంలో 'బ్యాక్‌వర్డ్ ట్రాక్ట్స్', అంటే వెనకబడిన ప్రాంతాలు. 1935లో 'పార్షియల్లీ ఎక్స్‌క్లూడెడ్ ఏరియాస్'. 1950 నుంచి అయిదో షెడ్యూలు, 'షెడ్యూల్డ్ ఏరియాస్'. 1930లలో ఏం జరిగిందో కావాలంటే ఆ కాలం మాటతోనే అడగాలి. కొన్ని మాటలు కొట్టడానికి చేతులు రావు. వెనకబడిన, ఆటవిక, అనాగరిక లాంటివి. మనల్ని తిట్టిన మాటతోనే మన తాతల భూమి కాగితం దొరుకుతుందంటే, ఏం చేస్తాం, ఆ మాట కొట్టి కాగితం తెచ్చుకోవాలి. మన రాతలోకి మాత్రం ఆ మాట తెచ్చుకోవద్దు.

గడులు నిండాక కంప్యూటర్ తెరవండి. ఇప్పుడు కలపడం. దీనికి మూడే మాటలు, ఇంగ్లీషులో పెద్ద అక్షరాల్లో కొట్టాలి. ఆర్, యాండ్, నాట్.

ఒకే గడిలో ఉన్న పేర్ల మధ్య ఆర్ పెట్టి చుట్టూ బ్రాకెట్ పెట్టండి. అంటే వీటిలో ఏదున్నా పర్లేదు అని. గడికీ గడికీ మధ్య యాండ్ పెట్టండి. అంటే రెండూ ఉండాలి అని. నాది ఇలా తయారైంది:

(కోయ ఆర్ కోయి ఆర్ కోయ్) యాండ్ (పోడు ఆర్ "షిఫ్టింగ్ కల్టివేషన్" ఆర్ స్విడన్) యాండ్ (గోదావరి ఆర్ భద్రాచలం ఆర్ రేకపల్లి)

కొట్టేటప్పుడు ఇదంతా ఇంగ్లీషు అక్షరాల్లో, స్పెల్లింగులన్నీ చేర్చి. గోదావరి అన్న గడి చేరగానే జపాన్ కొండ మాయమైపోయింది.

నాట్ అంటే ఇది వద్దు అని. దీంతో జాగ్రత్త. గోండులు వద్దు కోయలే కావాలని నాట్ పెడితే, పుస్తకమంతా కోయల గురించి రాసి ఒక్కచోట గోండుల పేరెత్తినా ఆ పుస్తకం పోతుంది. నేను దీన్ని ఎప్పుడో గానీ వాడను.

రెండు మాటలు కలిసే రావాలంటే జంట కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. "ల్యాండ్ ఏలియనేషన్" ఇలా. మన భూములు బయటివాళ్ళ చేతుల్లోకి పోవడాన్ని పరిశోధకులు ఈ మాటతో రాస్తారు. 'ట్రైబల్ ల్యాండ్ ప్రాబ్లమ్స్' అని కొట్టే బదులు ఈ మాట కొట్టి చూడండి. తేడా మీకే తెలుస్తుంది. కొటేషన్ లేకపోతే ల్యాండ్ ఒక పేజీలో, ఏలియనేషన్ ఇంకో పేజీలో ఉన్నవి కూడా వస్తాయి.

నక్షత్రం గుర్తు * ఒకటుంది. జేస్టోర్ లాంటి చాలా డేటాబేసుల్లో మాట మొదలు రాసి చివర నక్షత్రం పెడితే ఆ మొదలుతో వచ్చే మాటలన్నీ తెస్తుంది. నేను ట్రైబ్, ట్రైబల్ రెండూ వస్తాయని టి, ఆర్, ఐ, బి దగ్గర ఆపి నక్షత్రం పెట్టాను. ట్రైబ్‌తో పాటు ట్రైబ్యునల్ కూడా వచ్చింది. ఇంకేముంది, నీళ్ళ ట్రైబ్యునళ్ళన్నీ వచ్చి మీద పడ్డాయి. కాబట్టి మొదలు మరీ పొట్టిగా కోయకండి. గూగుల్ స్కాలర్‌లో ఈ నక్షత్రం ఇలా పనిచేయదని కూడా గుర్తుంచుకోండి. ప్రతి డేటాబేస్‌లో 'హెల్ప్' అని ఒక లింకు ఉంటుంది. అయిదు నిమిషాలు అది చదివితే అయిదు గంటలు మిగులుతాయి.

ఇక ఏది ఎక్కడ వెతకాలి. ఒకే చోట అన్నీ దొరకవు. సంతలో ఉప్పు అమ్మే చోట బట్టలు అడగం కదా.

పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకి శోధ్‌గంగ. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపుతుంది, పూర్తిగా ఉచితం. మన రెండు రాష్ట్రాల యూనివర్సిటీల్లో మన ఊర్ల మీద చేసిన పరిశోధనలు అక్కడున్నాయి. ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలుగా ఉంటుంది. ముందు చివరి ఫైలు, అంటే ఆధార గ్రంథాల పట్టిక తెరవండి. ఎందుకో తర్వాత చెప్తా. తెలుగులో రాసిన సిద్ధాంత గ్రంథాలు కూడా ఉంటాయి, పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనూ, తెలుగులోనూ రెండు రకాలుగా కొట్టి చూడండి.

కోర్టు తీర్పులకి ఇండియన్ కానూన్. సమత తీర్పు 1997 జులై 11న వచ్చింది. 1/70 మీద వచ్చిన కేసులు ఎన్నో. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ సైటులో యాండ్ అని మామూలుగా కొడితే చాలదు. యాండ్‌లో డి రెండుసార్లు, ఆర్ మాటలో చివరి అక్షరం రెండుసార్లు, నాట్‌లో టి రెండుసార్లు కొట్టాలి. అన్నీ పెద్ద అక్షరాలే. ఈ సంగతి తెలియక నేను రెండు రోజులు పోగొట్టుకున్నా. ఇంకోటి, '1/70' అనేది మన నోటి మాట. తీర్పుల్లో 'షెడ్యూల్డ్ ఏరియాస్ ల్యాండ్ ట్రాన్స్‌ఫర్ రెగ్యులేషన్, 1959' అని ఉంటుంది. 1970లో దాన్ని సవరించిన 1వ నంబరు రెగ్యులేషనే మన 1/70. అంతకు ముందుదైతే 1917 నాటి ఏజెన్సీ ట్రాక్ట్స్ చట్టం పేరు.

పాత పుస్తకాలకి, గెజెటీర్లకి ఇంటర్నెట్ ఆర్కైవ్. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ ఫైళ్ళకి అభిలేఖ్ పటల్. అన్ని రకాలవీ కలిపి చూడటానికి ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ. పాత జనాభా లెక్కల రిపోర్టులు సెన్సస్ వాళ్ళ సైటులోనే ఉన్నాయి. పరిశోధన వ్యాసాలకి గూగుల్ స్కాలర్, జేస్టోర్. డబ్బు కట్టాలి అని కనపడగానే మూసేయకండి. స్కాలర్‌లో ఆ వ్యాసం కింద 'ఆల్ వెర్షన్స్' అని ఉంటుంది, నొక్కితే ఒక్కోసారి ఉచిత కాపీ దొరుకుతుంది. మీరు ప్రభుత్వ యూనివర్సిటీలో గానీ ప్రభుత్వ కాలేజీలో గానీ చదువుతుంటే, 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద మీ సంస్థ ఉందేమో లైబ్రరీలో అడగండి. 2025 జనవరి నుంచి 30 మంది ప్రచురణకర్తల దగ్గర దాదాపు 13,000 పత్రికలు దాని ద్వారా చదవొచ్చు. మీ కోసం ప్రభుత్వం కట్టిన డబ్బు అది. అడగడానికి మొహమాటం ఎందుకు?

పాత పుస్తకాల్లో ఇంకో సంగతి. వాటిని ఫోటో తీసి, అక్షరాలు మిషన్ చదివింది. మిషన్ తప్పులు చదువుతుంది. 1907 గోదావరి గెజెటీర్ హెమింగ్‌వే రాసింది. అలాంటి పుస్తకాల్లో అక్షరాల మీద చిన్న గీతలుంటాయి. గీత ఉన్న ఓ అక్షరాన్ని మిషన్ చాలాసార్లు 6 అంకె అనుకుంటుంది. ఇక గోదావరి అని మీరెంత కొట్టినా దొరకదు. మాట లైను చివర విరిగి కింది లైనులోకి పోయినా అంతే. అందుకే పుస్తకం ముఖ్యమైనదని తెలిస్తే సెర్చ్ మీద వదిలేయకండి. చివర ఉండే సూచికలో చూడండి, ఆ పేజీలు కళ్ళతో తిప్పండి. తెలుగు పాత పుస్తకాలకైతే ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

ఒక మంచి కాగితం దొరికిందనుకోండి. అక్కడ ఆగిపోవద్దు. దాన్ని పట్టుకుని మూడు వైపులా పోవచ్చు.

ఒకటి, వెనక్కి. ఆ రచయిత ఎవరిని చదివి రాశాడో కింద పాదసూచికల్లో ఉంటుంది. అవి వెతకండి. శోధ్‌గంగలో చివరి ఫైలు ముందు తెరవమన్నది ఇందుకే. మన ప్రాంతం మీద మూడేళ్ళు కష్టపడి ఒకరు తయారుచేసిన జాబితా అది.

రెండు, ముందుకి. గూగుల్ స్కాలర్‌లో 'సైటెడ్ బై' నొక్కితే ఆ వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు వాడుకున్నారో వస్తుంది. ఇండియన్ కానూన్‌లో కూడా ఒక తీర్పుని తర్వాతి తీర్పులు ఎక్కడెక్కడ ఎత్తి చూపించాయో ఇలాగే చూడొచ్చు.

మూడు, పక్కకి. లైబ్రరీ క్యాటలాగులో ప్రతి పుస్తకానికీ 'సబ్జెక్ట్' అని ఒక శీర్షిక ఉంటుంది. లైబ్రరీ వాళ్ళు పెట్టేది. పుస్తకంలో పోడు అన్నా, ఝూమ్ అన్నా, వాళ్ళు 'షిఫ్టింగ్ కల్టివేషన్' అనే గంపలో వేస్తారు. అలాగే 'షెడ్యూల్డ్ ట్రైబ్స్, ఇండియా' అనే గంప ఉంది. మంచి పుస్తకం ఒకటి దొరికితే దాని సబ్జెక్ట్ మీద నొక్కండి. ఆ గంపలో ఉన్నవన్నీ, మీకు తట్టని పేర్లతో ఉన్నవి కూడా బయటికొస్తాయి.

మరీ ఎక్కువ వస్తే? పేరులో మాత్రమే లేదా సారాంశంలో మాత్రమే వెతకమని చెప్పొచ్చు, 'అడ్వాన్స్‌డ్ సెర్చ్' లో ఉంటుంది. సంవత్సరాలు బిగించండి. ఇంకో గడి చేర్చండి. మరీ తక్కువ వస్తే ఒక గడి తీసేయండి. ఊరి పేరుతో దొరక్కపోతే తాలూకా, తాలూకాతో దొరక్కపోతే జిల్లా, అదీ కాకపోతే వాగు పేరు, గుట్ట పేరు. ఏం కొట్టారో, ఎక్కడ కొట్టారో, ఎన్ని వచ్చాయో నోటుబుక్కులో రాసుకోండి. లేకపోతే నెల తర్వాత మళ్ళీ అదే కొడతారు. నేను కొట్టాను.

కొందరు తమ్ముళ్ళు అడుగుతున్నారు, "అక్కా, ఇదంతా ఎందుకు, ఏఐని అడిగితే చెప్పేస్తుంది కదా" అని. వేరే పేర్లు, స్పెల్లింగులు ఏమున్నాయో ఆలోచించడానికి దాని సాయం తీసుకోండి, తప్పులేదు. కానీ అది చెప్పిన పుస్తకం పేరు, పేజీ నంబరు నేరుగా ఫైల్లో పెట్టొద్దు. లేని పుస్తకాన్ని ఉన్నట్టే చెప్పే అలవాటు దానికుంది. మన ఫైల్లో ఒక్క అబద్ధపు కాగితం దొరికితే మిగతా పది నిజం కాగితాలూ పోతాయి. పుస్తకం మీ కళ్ళతో తెరిచి, పేజీ చూసి, అప్పుడే రాయండి. పేజీ కాపీ, పుస్తకం మొదటి పేజీ కాపీ, రెండూ దాచుకోండి.

మళ్ళీ మా ఊరి సంగతికొస్తా. దాదాపు మూడు నెలలు వెతికాను. పగలు పని, రాత్రి సిగ్నల్ దొరికే చోట ఫోన్లో. చివరికి ఒక పాత రిపోర్టులో మా వాగు పేరు కనపడింది. స్పెల్లింగు ఎంత మారిపోయిందంటే, గట్టిగా పైకి చదివితే గానీ గుర్తుపట్టలేదు. ఆ వాగు పైన గుట్టల్లో కోయలు అడవి నరికి సాగు చేస్తున్నారని, ఇలా అడవి పాడవుతోందని రాశాడు ఆ ఆఫీసరు. మమ్మల్ని తప్పుపట్టడానికే రాశాడు. కానీ మేం అక్కడున్నామని రాశాడు.

ఆ పేజీ ప్రింటు తీసి పెదనాన్నకి చదివి వినిపించాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ గుట్ట పేరు వాడు తప్పు రాశాడు" అని అసలు పేరు చెప్పాడు. ఆ పేరు ఎందుకొచ్చిందో, అక్కడ ఏ ఇంటివాళ్ళ చేలుండేవో, ఏ రాయి దగ్గర కొలుపు చేసేవాళ్ళో చెప్పుకుంటూ పోయాడు. నేను రాసుకున్నాను. ఇది కూడా 13వ నియమం ప్రకారం ఆధారమే, మీకు గుర్తుంది కదా. ఆఫీసరు రాసిన పేజీ, పెదనాన్న చెప్పిన మాట, రెండూ పక్కపక్కన పెట్టాం. రెండిట్లోనూ ఒకే వాగు, ఒకే గుట్ట.

ఇంకో సంగతి కూడా మర్చిపోవద్దు. ఎంత వెతికినా ఏమీ దొరకలేదనుకోండి, అక్కడ మన వాళ్ళు లేరని దానర్థం కాదు. రాసినవాడు ఆ గుట్ట ఎక్కలేదని అర్థం. ఎవరైనా "రికార్డుల్లో లేదు" అంటే, ఏ రికార్డుల్లో, ఏ పేరుతో, ఏ స్పెల్లింగుతో, ఏ జిల్లా కింద చూశారని తిరిగి అడగండి. ఆ ప్రశ్న అడగడం ఇప్పుడు మీకొచ్చు.

మా ఫైలు మళ్ళీ పైకి వెళ్ళింది. ఇంకా తేలలేదు. తేలిందని అబద్ధం చెప్పను. కానీ ఈసారి ఆధారాల్లేవని తిప్పి పంపడం అంత తేలిక కాదు. అందులో మూడు పాత పేజీలు, ఒక సిద్ధాంత గ్రంథంలోని అధ్యాయం, అయిదుగురు పెద్దల వాంగ్మూలాలు ఉన్నాయి.

మా పక్కన పోలవరం ముంపులో ఊర్లు ఖాళీ అవుతున్నాయి. ఊరు కదిలాక ఆ ఊరి పేరు చెప్పే మనుషులు కూడా చెదిరిపోతారు. ఏ వాగుని ఏమనేవాళ్ళో చెప్పగల ముసలివాళ్ళు ఇప్పుడింకా మన మధ్య ఉన్నారు. అందుకని మీకు ఒక పని ఇస్తున్నాను. ఈ రాత్రే చేయండి. తెల్లకాగితం మీద మీ ఊరి పేరు రాయండి. దాని కింద మీ వాగు, మీ గుట్ట, మీ తెగ, మీ పాత తాలూకా, పాత జిల్లా. మీకు తెలియనివి ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. ఒక్కోదానికి ఎన్ని పేర్లుంటే అన్నీ రాయండి. కాగితం నిండాకే ఫోన్ తీయండి.

జోహార్.